ఓక్ నీడలో జరగని వీడ్కోలు

శ్రీమతి గ్లెనిస్ ట్రాంటర్ గారు 1984 సెప్టెంబరు మూడవ తేదీన, జోరువానలో, మా పురపాలక ఉద్యానశాఖలో నర్సరీ సహాయకురాలిగా అడుగుపెట్టారు. గులాబీ మళ్ళతో మొదలై, వీధి చెట్ల పర్యవేక్షణ మీదుగా, 2009లో వృక్షాధికారి పదవిని అలంకరించిన వారి సేవాప్రస్థానంలో పొగడ్త కోరి చేసిన పని ఒక్కటీ లేదు. పొగడ్త దక్కిన పనులూ తక్కువే. అందుకు సిగ్గుపడవలసింది మేమే.

ఎవరు పదవీ విరమణ చేసినా పార్కులోని మూడు వందల ఏళ్ళ ఓక్ కింద తేనీటి విందు ఇవ్వడం మా శాఖ ఆనవాయితీ. నాలుగేళ్ళ క్రితం ఆ వృక్షం నడినెత్తి ఎండసాగింది. తెగులని కొందరు, ముసలితనమని కొందరు తేల్చేశారు. రెండేళ్ళు గడిచేసరికి కొట్టివేయాలన్న నిర్ణయమూ జరిగిపోయింది. గ్లెనిస్ గారు మాత్రం పట్టుబట్టి గడువు తెచ్చుకుని, కొమ్మల కింది మట్టినీ, జనం తిరగని పొదల వెనుక మట్టినీ విడివిడిగా పరీక్ష చేయించారు. రెండింటిలోనూ పోషకాలు సమానమే, ఆమ్లగుణమూ సమానమే. తేడా ఒక్కటే: చెట్టు కింది మట్టి తొక్కిడికి ఇటుకలా బిగిసిపోయి, వేర్లకు గాలి అందడం లేదు. ఇక చెట్టు చుట్టూ కంచె వేసి, దాని కింద విందులు ఆపాలన్నారు.

ఏ విందూ తప్పని మా విశ్రాంత తోటమాలి నార్మన్ ప్రోబర్ట్ గారికి ఆ మాట మింగుడుపడలేదు.

"ఏంటమ్మాయ్, మనం టీ తాగితే చెట్టు చస్తుందా?"

"టీకి కాదు నార్మన్ గారూ, మన బూట్లకి. కావాలంటే ఈ పార మీరే దింపి చూడండి."

ఆయన పార మీదెక్కి ఊగారు. అది అంగుళం దిగలేదు.

"పోనీ, నీ విందయ్యాక కట్టించు తల్లీ ఆ కంచె. ఇంక రెండేళ్ళేగా!"

"రెండేళ్ళు అది ఆగలేదండీ. దానికి ఊపిరాడట్లేదు."

మరుసటి వారమే వేర్లు తెగకుండా గాలి గొట్టంతో మట్టిని గుల్లచేయించి, చెక్క పొట్టు పరిపించి, చుట్టూ కంచె వేయించారు. అందుకే నేడు వారి వీడ్కోలు పనిముట్ల గదిలో, గడ్డి కోసే యంత్రాల నడుమ జరుగుతోంది. ఇన్నేళ్ళూ అందరి విందులకూ స్వయంగా కేకు చేసి తెచ్చిన మనిషికి ఆ నీడ దక్కకపోవడం మాకు నిజంగా బాధగా ఉంది.

ఈ వేసవిలో పైకొమ్మ కాసిని ఆకులు తొడిగింది. పూర్తిగా కోలుకోవడానికి పదేళ్ళు పట్టవచ్చని, అంతవరకూ కంచె కదపవద్దని వారి ఆదేశం. కనుక గ్లెనిస్ గారికి సంపూర్ణ ఆరోగ్యం, నిండు ఆయుష్షు మా అవసరం కోసమే కోరుకుంటున్నాము. కంచె తీసిన నాడు ఆ నీడలో ఒక్క కుర్చీ వేస్తాము. అందులో వారు కూర్చుంటారు. మేమంతా దూరంగా, కాలిబాట మీద నిలబడి టీ తాగుతాము.