తవిటయ్య గొంతు ఒకటో నంబరుకెక్కిన వైనం

బాగ్‌బేరాలో టాటానగర్ స్టేషను దగ్గరి రైల్వే క్వార్టర్ల మలుపున సింహాచలమ్మ టీకొట్టు. ఆమె పెనిమిటి అప్పలసూరి ట్రాకు గ్యాంగులో పాట పిలిచేవాడు. రైలు పట్టా జరపాలంటే గునపాలు పట్టిన పన్నెండుమందీ ఒక్క ఊపున తొయ్యాలి కదా, ఆ ఊపు ఆయన గొంతులోంచి వచ్చేది. ఆయన పోయి ఏడేళ్లు. ఫోటో ఉంది గాని, ఆ గొంతు ఏ ఫోన్లోనూ లేదు. అందుకే, ఆ గ్యాంగులో మిగిలిన ఒకే ఒక్కడు తవిటయ్య, బిర్సానగర్ కుర్రాడు హరికిరణ్ చేసిన ర్యాప్ పాటలో గెస్టు సింగర్ని నేనేనంటూ వచ్చి బల్ల మీద కూచుంటే, ఆమె అడక్కుండానే అల్లం ఎక్కువేసి టీ ఇచ్చింది.

“పెద్ద ఇసయం కాదొదినా,” అని మొదలెట్టాడు తవిటయ్య. “ఆ గుంటడు మైకట్టుకొని మా ఇంటికొచ్చీసినాడు. ‘దాదా, మీ గ్యాంగు పాట ఒక్కపాలి పాడండి, నా రాప్ మద్దిన పెడతాను’ అన్నాడు. సరే నాయినా అని గొంతు సవరించుకున్నాను. సవరించుకున్నానంతే! మైకు మీద దూది ఎగిరెల్లి ఊరికి ఆ సివర సిద్ధగోరాలో పడ్డాది.”

“దూదేనా? గుంటడు పడనేదా?” అన్నాడు వరహాలు, గార్డుగా రిటైరైనవాడు, బిస్కట్టు టీలో ముంచుతూ.

“మద్దినడ్డు తగలకు బావా. పాట ఒదిలిన్రోజు చార్టులో మనది వెయిటింగ్ లిస్టు నాలుగొందల పన్నెండు. తెల్లారికి ఆర్ఏసీ. మజ్జానానికి పక్కా కన్ఫరం, ఒకటో నంబరు! ఆ తరవాత ఏటైందో తెలుసా? టాటానగర్ యార్డులో ఎవులో ఫోన్లో పెట్టినారు. ఇంజను నేని గూడ్సు, యాబై ఎనిమిది వేగన్లు, నా పాట ఇని వాటంతటవే కదిలెల్లిపోనాయి! స్టేషన్ మాస్టరు ఏటి చేత్తాడు, జెండా ఊపీసినాడు. పాటయ్యేసరికి చక్రధర్‌పూర్!”

“మరి సిగ్నలో?”

“సిగ్నలు తాళమేసింది బావా! ఎరుపు, పచ్చ, ఎరుపు, పచ్చ. అదలా ఉంచు, సువర్ణరేఖ ఉందా, కిందికెల్లిపోయే నీరు, పాట మల్లీ ఇందామని ఎనక్కి తిరిగి రాంచీ దాకా పోనాది. దల్మా కొండ మీద ఏనుగులు వరసగా నిలబడి ఒక్కో కాలూ ఎత్తీసినాయి. ఆకరికి ఆకాశంలో తిరిగే శాటిలైటు పట్టా తప్పి, సరిగ్గా మన బాగ్‌బేరా మీద ఆగిపోనాది! దాన్ని మల్లీ దారిలోకి తొయ్యాలంటే నా పాటే కావాలట. ఢిల్లీ నుంచి ఫోను!”

బల్లల మీదున్నవాళ్లు పడీపడీ నవ్వారు. సింహాచలమ్మకి ఏనుగులూ పట్టలేదు, శాటిలైటూ పట్టలేదు.

“అచ్చం మీ అన్న పిలిసినట్టే పిలిసినావా?” అంది.

“అచ్చం! అన్నే నా గొంతులో కూకున్నాడనుకో.”

ఆమె స్టవ్వు ఆపేసింది. బుస్సుమనే చప్పుడు అణిగింది.

“అయితే నాకూ ఒక్కపాలి పిలు మరిదీ. ఏడేళ్లైపోనాది.”

తవిటయ్య టీ గ్లాసు మళ్లీ అందుకున్నాడు.

“ఏటి, ఏనుగులకి పాడినోడివి, నాకు పాడవా?”

“నాకు పిలుపు రాదొదినా,” అన్నాడు తవిటయ్య, గ్లాసు కింద పెట్టి. “ముప్పై ఏళ్లూ అన్న పిలిసీవోడు, మేం ‘హైసా’ అనీవోళ్లం. అంతే మా పాట. మైకు ముందర గంటసేపు కూకున్నాను. అన్న పిలవందే నాకు గొంతెలాగొత్తాది? సూసి సూసి ఆ గుంటడు ఎల్లిపోనాడు. రాంచీ నుంచి ఎవులో శ్వేతంట, ఆ పిల్లని తెచ్చి, దానికి తెలిసిందేదో పాడించుకున్నాడు. ఒకటో నంబరు ఆ పిల్లదే.”

బిస్కట్టు విరిగి టీలో పడినా వరహాలు చూసుకోలేదు.

సింహాచలమ్మ చెంగుతో చేతులు తుడుచుకొని అతని ఎదురుగా కూచుంది.

“పోనీ, నీ ‘హైసా’యే అను. ఎక్కడనాలో తెలుసు గదా?”

తవిటయ్య కళ్లు మూసుకున్నాడు. గునపం పట్టినట్టు రెండు చేతులూ ముందుకు చాచాడు. అప్పలసూరి పిలవడానికి ఎంత సేపు పట్టేదో అంత సేపూ ఊరుకొని, “హైసా!” అన్నాడు.

మళ్లీ ఊరుకున్నాడు. ఆ ఊరుకున్న సేపంతా సింహాచలమ్మ వింటూనే ఉంది.