ఇస్త్రీపెట్టె దొంగ

హలో… ఆ, నేనే. ఎవరూ?… ఏ దొంగ?

ఓహో, ఇస్త్రీపెట్టె దొంగవా. నంబరెవరిచ్చారు?… అవును, దాని పిడి మీద నేనే రాశాను. మా బావమరిది అడిగి పట్టుకెళ్తే తిరిగివ్వడని.

సరే, ఇప్పుడేమిటి… పశ్చాత్తాపమా? ఉన్నట్టుండి ఎందుకొచ్చింది?… షాక్ కొట్టిందా. అది మాకూ కొట్టేది. చెప్పులేసుకుని పట్టుకోవాలి.

కాదు నాయనా, పశ్చాత్తాపమంటే మనసుకు తగలాలి, వేలికి కాదు… ఏడుస్తున్నావా?… సరే, సరే. మనసుకే తగిలిందిలే. క్షమించాను. పెట్టేయనా?

తెచ్చిస్తావా? వద్దు… వద్దంటే వద్దు. నీ దగ్గరే ఉంచుకో. నువ్వు మాత్రం ఇస్త్రీ బట్టలు కట్టుకోవా ఏమిటి?

ఎందుకంటే… మా బావమరిదే తీశాడని అనేశాను. ఇంటినిండా చుట్టాలున్నప్పుడు. తీస్తుంటే కళ్ళారా చూశానని కూడా అన్నాను… లేదయ్యా, చూళ్ళేదు. కోపంలో వచ్చేసింది. తింటున్నవాడు తింటున్నట్టే కంచం ముందు నుంచి లేచిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. ఇప్పుడది ఇంటికొస్తే నేనేమైపోవాలి?

నాకు నీతులు చెప్పకు. దొంగవి, దొంగలా ఉండు.

ఒక పని చెయ్యి. మా బావమరిది అడ్రసిస్తాను, చీకటిపడ్డాక వాళ్ళ వరండాలో పెట్టేసి వచ్చెయ్. నా మాట నిజమైపోతుంది, నీ బరువూ దిగిపోతుంది… అంత పాపం చెయ్యలేవా? దొంగతనానికి లేని అడ్డు దీనికొచ్చిందా?

…బాధ లేదని ఎవరన్నారు. వాడి కూతురి పెళ్ళికి మా ఆవిడ ఒక్కతే వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కళ్ళు వాచిపోయున్నాయి. ఆ రోజే చెప్పేద్దామనుకున్నాను. సిగ్గేసింది.

ఆవిడకా? తెలీదు. వంటింట్లో గిన్నెలు తోముతోంది… ఆగు. చప్పుడు ఆగిపోయింది.

…నువ్వెప్పుడొచ్చావే?

ఏమండీ… దొంగ గారూ, ఫోన్ పెట్టేయకండి. ఎదురుగా నిలబడింది. చూస్తోందంతే. మీరిందాక నాతో క్షమాపణ బాగా చెప్పారు కదా… ముందు ఏమనాలి?… అంతేనా?… అదే రావట్లేదండీ నాకు. ఒక్క నిమిషం, ఫోన్ ఆవిడకిస్తాను. నా బదులు మీరే… హలో?… హలో?