ఊలు నెమలి

ఆ దంపతులు పాపతో సహా తిరుపతిలో మేడమీది వాటాలోకి కొత్తగా దిగారు. ఆయన సుత్తితో స్టూలెక్కాడు. చనిపోయిన మొదటి భార్య ఊలుతో కుట్టిన నెమలి బొమ్మను, చట్రం కట్టించి, రెండో భార్య కింద పట్టుకుని నిలబడింది.

“తలుపు వెనకాల కొట్టేదా?” అన్నాడాయన.

“ఆడ ఎవురు సూస్తారు, బల్లులా?”

“అయితే వంటింట్లో?”

“పొగకి నల్లబడిపోతాది. నడిమింట్లో కొట్టండని పొద్దున్నించి మొత్తుకుంటా ఉండాను.”

“ఆ గోడ సున్నం రాలతా ఉండాది.”

“దేవుడి పటం మోసిన గోడ దీన్ని మోయదా? ఎందుకిన్ని సాకులు?”

ఆయన సుత్తి దించాడు. ఇక చెప్పక తప్పలేదు.

“వచ్చినోళ్ళంతా ఎవురు కుట్టిందని అడగతారు. ఆ పేరు దినామూ నీ సెవిన పడాలనా? నీకు బాధ గదా.”

“ఉంటాది. నేనూ మనిషినే. అయినా ‘నన్ను కన్న అమ్మ ఎట్లుండేది?’ అని నిన్న పాప అడిగింది. సూపించేదానికి ఇంట్లో ఒక ఫోటో గూడా లేదు. ఆయమ్మ చేతిపని ఇదొక్కటే ఉండాది.”

ఆయన స్టూలు నడిమింట్లో వేసుకుని ఎక్కాడు. నడిమింటి గోడకు మేకు ఆనించాడు.

“అంత పైన గాదు,” ఆమె విసుక్కుంది. “దించండి. ఇంకా దించండి. పాప చెయ్యి అందాల.”