అత్తయ్య ఎత్తుకున్న శ్రుతి

భార్య పోయాక ఆయన చర్చిలో నోరు విప్పి పాడనేలేదు. ఆ ఆదివారం కోడలు పాటల పుస్తకం తెరిచి ఆయన చేతిలో పెట్టింది.

"మామయ్యా, ఇవాళ అత్తయ్య పాట మీరే ఎత్తుకోవాలి."

"ఆవిడ ఎత్తుకుంటే పైకప్పు మీది పావురాలు పక్క ఊరికి వలసపోయేవమ్మాయ్."

"నిజమే, అంత పైన మేమెవరమూ అందుకోలేకపోయేవాళ్లం."

"ప్రభువు పైనుంటాడు, కింద పాడితే ఎలా వినపడుతుందని నన్నే దబాయించేది. ఇప్పుడు ప్రార్థనకి కూర్చున్నా నాకు నోరు పెగలడం లేదు."

"మెల్లగా, కింది శ్రుతిలో మొదలుపెట్టండి. మేమంతా అందుకుంటాం."

ఆయన లేచి, గొంతు సవరించుకుని, సరిగ్గా ఆవిడ ఎత్తుకున్నంత పైన ఎత్తుకున్నాడు. రెండో మాటకే గొంతు చీలింది. చర్చంతా ఘొల్లున నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ ఆయనా నవ్వేశాడు.

"కాస్త దించండి మామయ్యా, ఎవరికీ అందడం లేదు."

"దించనమ్మా. అక్కడ పైనుంచి ఆవిడ కూడా అందుకోవాలిగా."