మూడో నక్షత్రం

క్యోటోలో, పదవీ విరమణ చేస్తున్న ఆచార్య కురమిత్సు చివరి ఉపన్యాసానికి పావుగంట ముందు, సభామందిరం పక్కగదిలో ఆయనా, ఆయన పూర్వశిష్యురాలు ఇనగాకీ.

"ముందు నేను చెప్పేది వినండి, గురువుగారూ."

"ముందు నువ్వు ఈ యోకాన్ ముక్క తిను. సెందాయ్ నుంచి ఖాళీ కడుపుతో వచ్చుంటావు."

"తీపి తర్వాత తింటాను. మన వ్యాసంలోని నలభై నక్షత్ర జంటల్నీ కొత్త దుర్భిణితో మళ్లీ చూశాను."

"జంటలంటే గుర్తొచ్చింది. మా ఆవిడ ముందు వరుసలో కూర్చుంది, చూశావా? మా పెళ్లిక్కూడా అంత ముస్తాబు కాలేదు."

"గురువుగారూ!"

"వింటున్నానమ్మా. చెప్పు."

"ఇరవై ఆరు జంటల్లో మూడో నక్షత్రం ఉంది. మసకది, జంటలో ఒకదాన్ని అంటిపెట్టుకుని ఉంది. దాని బరువు వల్లే అవి అంత వేగంగా తిరుగుతున్నాయి. న్యూటన్ సూత్రం ఎక్కడా తప్పలేదు."

"అయితే, ఆ సూత్రాన్నే మార్చాలన్న నా సిద్ధాంతం..."

"విశ్వంలో కనపడని పదార్థమే అక్కర్లేదన్నాం. సృష్టి కథంతా తిరగరాయాలన్నాం. సాక్ష్యం ఆ జంటలే. ఇవాళ వాటిని చూపించకండి. ఇదిగో, నేలకు నుదురానించి అడుగుతున్నాను."

"లే, లే. టీ చల్లారిపోతోంది."

"ఇంకా ఉంది. ఇది ఇవాళ తెలిసింది కాదు. పదకొండేళ్ల కిందట, మీ దగ్గర చదువుతున్నప్పుడే, అనుమానమున్న జంటలన్నీ ఒక కాగితం మీద రాశాను. మీ చేతికివ్వలేకపోయాను."

"ఎందుకని?"

"'కనపడనిదాన్ని నమ్మేవాడు గుళ్లో గంట కొట్టుకోవాలి, ఇక్కడేం పని' అనేవారు కదా. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఇక కనపడని నక్షత్రం ఉందని ఏ మొహంతో చెప్పను? నలిపి మీ గదిలో చెత్తబుట్టలో పడేశాను. ఆ వ్యాసం మీద నా పేరు చూసినప్పుడల్లా తల వాలిపోతుంది. తప్పు నాదని సభలో చెప్పనివ్వండి."

"నీదా?"

"నాదే. పాపం, మీకేం తెలుసు? ... అదేమిటి, వచ్చినప్పటినుంచీ జేబులోంచి చెయ్యి తియ్యరు? ఉపన్యాసమా?"

"ఉపన్యాసమే. నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లూ చింపాను. సభకు చూపించడానికి చివరికి ఇదొక్కటే మిగిలింది. తీసుకో."

"ఇంత నలిగిపోయి... ఇది... ఇది నా చేతిరాత!"

"ఆ సాయంత్రమే బుట్టలోంచి తీసి, మడతలు సాపుచేసి చదివాను, ఇనగాకీ. మర్నాడు పొద్దున వ్యాసం అలాగే అచ్చుకు పంపాను."