ఉతికిన గౌను

మేడ మీద ఇద్దరు ఆడవాళ్ళు బట్టలు ఆరేస్తున్నారు. పెద్దామె ఇదివరకు ముగ్గురు పరాయి పిల్లలను కొన్నాళ్ళు సాకి, కన్నవాళ్ళకు అప్పగించింది. చిన్నామె ఇంటికి మొన్ననే ఒక పాప వచ్చింది.

“నిన్నటి నుంచి నా మొహం చూడట్లేదక్కా. మాసిపోయిందని గౌను ఉతికాను, అంతే.”

“వచ్చినప్పుడు వేసుకున్నదేనా?”

“అదే. ఆరాక ఇస్తే వాసన చూసి, గోడవైపు తిరిగి పడుకుంది.”

“వాళ్ళమ్మ వాసన పోగొట్టావే పిచ్చిదానా.”

“పాపను అప్పగించేముందు ఫారాల్లో నా పుట్టుపూర్వోత్తరాలన్నీ అడిగారు గానీ, ఈ మాట ఒక్కరూ చెప్పలేదు. ఇప్పుడేం చెయ్యను?”

“పక్కన కూర్చుని వాళ్ళమ్మ గురించి అడుగు.”

“అడిగితే అమ్మ దగ్గరికి పోతానంటుంది.”

“అననీ. ఆవిడ ఆసుపత్రి నుంచి రాగానే పోవాల్సిందే కదా.”

“ఆయన పోయాక ఇన్నేళ్ళకి రెండో కంచం పెట్టానక్కా.”

“తెలుసు. అందుకే చెప్తున్నా. నీకు తోడుంటుందని తెచ్చుకోలేదమ్మా, దాన్ని చూసుకొమ్మని ఇచ్చారు.”

చిన్నామె తడి చీర దులిపి, చాలాసేపు అంచులు సరిచేసింది.

“ముందు ఏమని అడగను?”

“అమ్మ జడ ఎలా వేసేదని అడుగు. నువ్వెలా వేసినా అలా కాదంటుంది. అన్నన్నిసార్లూ విప్పి మళ్ళీ వెయ్యి.”