మీ తాత వేసిన నరాల బొమ్మ

ఏదీ, ఆ పుస్తకం ఇటు తిప్పు. నరాల బొమ్మా? కళ్ళజోడు లేకపోయినా ఇది పోల్చుకుంటాన్లే. పైన మెదడు, దాన్నుంచి వీపు మధ్యగా దిగే లావుపాటి తాడు, ఏమంటారూ, ఆఁ వెన్నుపాము, అక్కణ్ణుంచి అటూ ఇటూ జతలు జతలుగా నరాలు. ముప్ఫై ఒక్క జతలు. ఏంటలా చూస్తావ్? నర్సు చదువు నీదైనా ఆ లెక్క నీకంటే ముందు నాకొచ్చు. ఇదే బొమ్మ నిలువెత్తున బడి గోడ మీద వేసింది మీ తాతే. మా అన్నయ్య. నువ్వు పుట్టకముందే పోయాడు, నీకేం తెలుసు! షాపుల బోర్డులు రాసేవాడు. ఎంత పెద్ద అక్షరమైనా స్కేలు పెట్టేవాడు కాదు, కుడిచెయ్యి అలా గాల్లో తేల్చి ఒక్క లాగు లాగేవాడు. లాగేటప్పుడు నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకునేవాడు. మీ నాన్న బూట్ల తాళ్ళు కట్టుకుంటూ పెట్టుకుంటాడే, అచ్చం అలాగే. ఏం చెప్తున్నాను? ఆఁ, గోడ.

సైన్సు మాస్టారు కాగితం మీద గీసిచ్చాడు. అందులో మెదడు అడుగున, మెడకి కాస్త పైన, గీతలు ఒకదాన్నొకటి దాటుకుని పోతున్నాయి. ఎడమవైపువి కుడికి, కుడివైపువి ఎడమకి. అసలు బొమ్మ మనకెదురుగా నిలబడుంటుందిగా, దాని కుడి మనకి ఎడమ, అదింకో గొడవ. అన్నయ్యకి అనుమానమొచ్చింది. "ఒరేయ్, వైరింగు చేసేవాడివి కదా, ఇదేంట్రా ఇలా ఉంది?" అన్నాడు. అప్పటికి ఊళ్ళో సగం ఇళ్ళకి కరెంటు వైర్లు లాగినవాణ్ణి, నాకు తెలీదంటే ఎలా? "ఎడమ గదిలో లైటుకి కుడి గదిలోంచి వైరు లాగేవాడు ఎవడన్నా ఉన్నాడా అన్నయ్యా? మాస్టారు హడావిడిలో తప్పు గీసుంటాడు, తిన్నగా లాగెయ్" అన్నాను. లాగేశాడు. ఈలోపు మాస్టారికి బదిలీ అయిపోయింది. హెడ్మాస్టరొచ్చి "రంగులు బ్రహ్మాండంగా ఉన్నాయయ్యా" అని మెచ్చుకుని పోయాడు.

రెండేళ్ళయిందో మూడేళ్ళయిందో, ఒకరోజు పొద్దున మందుల షాపు బోర్డు రాస్తుంటే కుంచె జారిపడింది. నిచ్చెన పట్టుకుని కింద నేనే ఉన్నాను. తీసిచ్చాను. మళ్ళీ పడింది. "చెయ్యి మొద్దుబారిందిరా" అన్నాడు. పోయింది చెయ్యి కదా, నేను చెయ్యే చూశాను. నా పనే అది, లైటు వెలక్కపోతే ముందు బల్బు, తర్వాత హోల్డరు, తర్వాత స్విచ్చి. వేళ్ళు చూశాను, మోచెయ్యి చూశాను, భుజం, మెడకి కుడిపక్క, అన్నీ చూశాను. వేడినీళ్ళ సంచి పెట్టాను. మీ నానమ్మ పాపం, "బాబూ, మూతి కూడా ఓ పక్కకి జారినట్టుంది, మాట ముద్దగా వస్తోంది, ఆస్పత్రికి పోదాం" అంటే, "నువ్వూరుకో వదినా, పంటినొప్పేమో" అన్నాను. రెండు రోజులు. మూడు రోజులని మీ నానమ్మ అనేది. కాదు, రెండే. కుంచె పడింది పొద్దున కదా, ఆ రోజూ, మర్నాడూ, ఆ పై రోజు... ఏమో, నాకిప్పటికీ లెక్క తేలదు.

ఆస్పత్రిలో డాక్టరు "మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టింది" అన్నాడు. నేను ఆయనతో గొడవేసుకున్నాను. "పోయింది కుడిచెయ్యండీ బాబూ, మీరు సరిగ్గా చూడండి!" అని. ఆయన ఓపిగ్గా "ఎడమ మెదడే కుడిచేతిని నడుపుతుంది, ఇదిగో ఇక్కడ దాటుకుంటాయి నరాలు" అని తన మెడ వెనక, పైన వేలు పెట్టి చూపించాడు. ఆ తర్వాత "మొదటిరోజే ఎందుకు తీసుకురాలేదు?" అన్నాడు. నన్నడిగాడో, మీ నానమ్మనడిగాడో. నేను మాత్రం కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. అన్నయ్యేమో "గిల్లితే తెలుస్తోందిరా, ఎత్తమంటే ఎత్తట్లేదు" అంటాడు. కబురు పైకి మోసే నరాలు వేరట, పని కిందికి పురమాయించేవి వేరట. ఇంకో విచిత్రం విను. డాక్టరు చిన్న సుత్తితో, అప్పటికి చచ్చుబడిపోయిన కుడికాలి మోకాలి కింద కొడితే కాలు ఎగిరి తన్నింది! "లైనొచ్చింది, కరెంటొచ్చింది" అని నేను గెంతాను. అది మెదడుదాకా పోకుండానే వెన్నులోంచే తిరిగొచ్చే తన్నట. అన్నయ్య నవ్వాడు, సగం మూతితో.

నన్నొక్క మాట అనలేదమ్మా. అనుంటే బాగుండేది. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి బడికి తీసుకెళ్ళమన్నాడు. నేను నడుం పట్టుకుని నిలబెడితే, ఎడమచేత్తో కుంచె పట్టుకుని, ఆ మెడ దగ్గర పాత గీతలు తెల్లరంగుతో చెరిపి, దాటించి గీశాడు. రెండే గీతలు. గంట పట్టింది. మిగతా బొమ్మంతా దారం పెట్టి లాగినట్టుంటే అక్కడొక్కటీ వంకరటింకర. నాలుక మాత్రం పళ్ళ మధ్యే ఉంది. ఆ ఏడే పక్షవాతం మళ్ళీ వచ్చింది, పోయాడు.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఇన్నేళ్ళుగా ఎవర్నన్నా అడుగుదామనుకుంటూనే ఉన్నాను. ఎందుకు దాటాలవి? తిన్నగా పోతే ఏం మునిగింది? చూడు, ఆ పుస్తకంలో చూడు, రాసే ఉంటారు. వెనక పేజీలో చూశావా? ఏంటీ? ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలీదా? ఇంత లావు పుస్తకంలోనా? మీ మేడమూ అదే అందా, తెలీదనే అందా? క్లాసులో, అందరి ముందూ?

ఆ రోజు అన్నయ్య కాగితం పట్టుకొచ్చి అడిగినప్పుడు నేనూ ఆ ఒక్క మాటే అనుంటే...

పుస్తకం మూసెయ్యమ్మా. టీ చల్లారిపోతోంది, తాగు.